లాక్టిక్ ఆమ్లం ముందుగా దొరికినందువల్ల

చాలాకాలానికి పరుగెత్తినవారికి మర్నాడు తొడలూ పిక్కలూ పట్టేస్తే, కండరాల్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని చెప్పేవారు ఇప్పటికీ అంతటా ఉన్నారు. జిమ్‌లో శిక్షణ ఇచ్చేవారు చెబుతారు, పత్రికల ఆరోగ్య శీర్షికల్లో కనిపిస్తుంది, వైద్యం చదువుతున్న పిల్లలు కూడా తడుముకోకుండా అదే చెబుతారు. నిజానికి వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లో రక్తంలో లాక్టేట్, అంటే శరీరంలో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం, మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. దానికి మూలం కండరపు పోగుల్లో ఏర్పడే సూక్ష్మమైన గాయాలూ, వాటి వెంట వచ్చే వాపూ. 1951లో బ్రయన్ మెకార్డిల్ వర్ణించిన వ్యాధి ఉన్నవారి కండరాలు తమలో నిల్వ ఉండే పిండిపదార్థమైన గ్లైకోజెన్‌ను విడగొట్టలేవు కాబట్టి, ఎంత శ్రమపడినా వారిలో లాక్టిక్ ఆమ్లం పెరగదు. అయినా వారు ఆరోగ్యవంతులకంటే ఎంతో త్వరగా అలసిపోతారు, కండరాలు బిగుసుకుపోయి బాధపడతారు. ఇన్ని సాక్ష్యాలు ఎదురుగా ఉన్నా ఆ పాత మాట ఎందుకు పోవడం లేదన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. ప్రజలకు విజ్ఞానం అందకపోవడమే కారణమని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట శాస్త్రజ్ఞుల దగ్గర పుట్టి, శాస్త్రజ్ఞుల దగ్గరే బలపడింది. అలా బలపడడానికి అసలు కారణం కండరంలోని రసాయనాలన్నిటిలో లాక్టిక్ ఆమ్లం ముందుగా దొరకడమేనని నేను నమ్ముతున్నాను.

జీవశాస్త్రాల్లో ఏది ముందు దొరికిందన్న విషయం చరిత్రకారులకు వదిలేయదగిన ముచ్చట కాదు. సిద్ధాంతం ఏ రూపం తీసుకుంటుందో నిర్ణయించేవాటిలో అదీ ఒకటి. రసాయన శాస్త్రంలో మూలకాల సంగతి ఇలా ఉండదు. మెండలీవ్ తన మూలకాల పట్టికలో 1871లో ఖాళీగా వదిలిన గడిలోకి 1886లో జెర్మేనియం వచ్చి కూర్చుంది. అది పదేళ్లు ముందు దొరికినా, ఇరవై ఏళ్లు ఆలస్యంగా దొరికినా చేరేది ఆ గడిలోకే. జీవకణానికి అలాంటి పట్టిక లేదు. ఒక కండరం ముడుచుకునే క్షణంలో డజన్ల కొద్దీ పదార్థాలు పెరుగుతాయి, తరుగుతాయి, రూపం మారుతాయి. వాటిలో దేన్ని మనం మొదట కొలవగలిగితే అదే ఆ పనికి కారణంగా కనిపిస్తుంది, ఎందుకంటే పోల్చి చూడడానికి పక్కన మరొకటి ఉండదు. తర్వాత దొరికిన ప్రతి పదార్థమూ అప్పటికే ప్రధాన స్థానంలో ఉన్నదానికి సహాయకంగానో, పర్యవసానంగానో మాత్రమే లోపలికి రాగలుగుతుంది.

లాక్టిక్ ఆమ్లం ముందు దొరకడం యాదృచ్ఛికం కాదు. షీలే దాన్ని 1780లోనే పులిసిన పాల నుంచి వేరుచేశారు. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకంలో బెర్జీలియస్ దాన్ని మాంసంలో గుర్తించారు. అది గట్టి పదార్థం. ఆమ్లంలో వేసినా, వేడి చేసినా చటుక్కున చెదిరిపోదు, జింకు లవణంగా స్ఫటికీకరించి తూకం వేయవచ్చు. కండరాన్ని ఎంత మొరటుగా నలిపినా, ఎంత ఆలస్యంగా పరీక్షించినా అది మిగిలే ఉంటుంది. సరికదా, ఇంకా పెరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దమంతా కండరంలో లాక్టిక్ ఆమ్లం ఎంత ఉందన్న ప్రశ్నకు పొంతన లేని జవాబులు రావడానికి కారణం ఇదే. కోసిన చోట, నూరిన చోట, వేడి చేసిన చోట కండరం దాన్ని కొత్తగా తయారుచేసేది. కేంబ్రిడ్జ్‌లో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్‌కిన్స్ 1907లో ఈ చిక్కు విప్పారు. కప్ప కండరాన్ని మంచులా చల్లబరచిన ఆల్కహాల్‌లో వేసి, అందులోనే వేగంగా నూరారు. విశ్రాంతిలో ఉన్న కండరంలో లాక్టిక్ ఆమ్లం చాలా తక్కువనీ, ఆక్సిజన్ లేకుండా పని చేయిస్తే పేరుకుంటుందనీ, అలసిన కండరాన్ని ఆక్సిజన్‌లో ఉంచితే తగ్గిపోతుందనీ అప్పుడు స్పష్టంగా తేలింది. ప్రయోగ నైపుణ్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు వెంటనే తట్టదు.

ఈ పునాది మీద లేచిన భవనం చూడముచ్చటైనది. కేంబ్రిడ్జ్‌లోనే ఏ.వి. హిల్ కండరం నుంచి వెలువడే అతి స్వల్పమైన వేడిని కొలిచి, అది ముడుచుకునేటప్పుడు కొంతా, తేరుకునేటప్పుడు కొంతా వస్తుందని చూపించారు. జర్మనీలో ఒట్టో మయర్‌హాఫ్ గ్లైకోజెన్ తగ్గినంత మేరకు లాక్టిక్ ఆమ్లం పెరుగుతుందనీ, తేరుకునే దశలో అందులో కొంతభాగం మాత్రమే దహనమై మిగిలినది తిరిగి గ్లైకోజెన్ అవుతుందనీ లెక్కకట్టారు. వేడి లెక్కా రసాయనాల లెక్కా ఒకదానికొకటి సరిపోయాయి. ఇద్దరికీ కలిపి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. గ్లైకోజెన్ నుంచి హఠాత్తుగా పుట్టిన లాక్టిక్ ఆమ్లం కండరపు ప్రోటీన్ల మీద పనిచేసి వాటిని ముడుచుకునేలా చేస్తుందనీ, దాన్ని తొలగించడమే విశ్రాంతి అనీ, తొలగించలేకపోవడమే అలసట అనీ అప్పటి వివరణ. మనుషుల్లో పరుగు తర్వాత కొంతసేపు ఆయాసం కొనసాగడాన్ని కూడా హిల్ ఇదే చట్రంలో పెట్టి, లాక్టిక్ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి శరీరం తీర్చే ఆక్సిజన్ అప్పుగా వివరించారు. ఈ కొలతల్లో తప్పు లేదు. వాటిలో చాలా మటుకు ఈనాటికీ నిలుస్తాయి. కొలవగలిగినదే పని చేయిస్తున్నదన్న నిర్ధారణ ఒక్కటే నిలవలేదు.

ఆ కాలంలో వారి ముందున్న ప్రతి కండరంలోనూ మరో పదార్థం పుష్కలంగా ఉంది. కణాలకు నేరుగా శక్తినిచ్చేదిగా ఈనాడు మనకు తెలిసిన ఏటీపీకంటే, విశ్రాంతిలో ఉన్న కండరంలో అది మూడు, నాలుగు రెట్లు ఎక్కువ. అయినా ఎవరికీ కనబడలేదు. కండరంలోని ఫాస్ఫేట్లను కొలవాలంటే ప్రోటీన్లను ఆమ్లంతో తొలగించాలి, ఆపై ఆమ్ల ద్రావణంలోనే పరీక్షించాలి. ఫాస్ఫోక్రియాటిన్ అనే ఆ పదార్థం సరిగ్గా ఆమ్లంలోనే విడిపోతుంది. విడిపోయి ఫాస్ఫేట్‌ను వదులుతుంది. అందువల్ల దాన్ని ఎవరూ కొలవలేదని అనడం కూడా పూర్తిగా సరికాదు. అందరూ కొలిచారు, కొలిచి అకర్బన ఫాస్ఫేట్, అంటే దేనికీ అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉన్న ఫాస్ఫేట్, అనే పద్దు కింద రాసుకున్నారు. ఒక పదార్థం పుస్తకాల్లో మరో పేరుతో ఏళ్ల తరబడి నమోదవుతూ ఉండగా, దాని స్థానంలో వేరొకదాన్ని కూర్చోబెట్టిన సిద్ధాంతం బహుమతులు అందుకుంది.

ఇక్కడే కథలోకి మన యల్లాప్రగడ సుబ్బారావు వస్తారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరిన ఆయన, ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా అంచనా వేసే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి, ఒక క్షయకరణి సమక్షంలో నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ ప్రయోగాన్ని విద్యార్థుల చేత చేయించే తరగతులు నేనూ నడిపాను. ప్రామాణిక ద్రావణం ఉన్న గొట్టంలో నీలం కళ్లముందే నిండుతుంది, చెప్పిన నిమిషాలు గడిచాక రీడింగ్ తీసుకుంటే పని అయిపోతుంది. ఫిస్క్, సుబ్బారావు ఈ పద్ధతిని తాజా కండరం నుంచి తీసిన ద్రవానికి వర్తింపజేసినప్పుడు రంగు సకాలంలో రాలేదు. మొదట లేతగా కనిపించి, నిమిషాలు గడిచే కొద్దీ మెల్లగా చిక్కబడుతూ పోయింది. అలాంటప్పుడు సాధారణంగా ఎవరైనా చేసే పని ఒకటుంది. ద్రవంలో ఏదో అడ్డు తగులుతోందనుకుని, రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగి అంకె రాసుకోవడం. వాళ్లు అలా చేయలేదు. రంగు ఆలస్యం కావడమే సమాచారమని గుర్తించారు. ద్రవంలోని ఫాస్ఫేట్‌లో కొంత స్వేచ్ఛగా లేదనీ, దేనికో అతుక్కుని ఉండి పరీక్షలోని ఆమ్లం, మాలిబ్డేట్‌ల వల్లే క్రమంగా విడివడుతోందనీ, అలా విడివడినప్పుడు దానితోపాటు సమాన నిష్పత్తిలో క్రియాటిన్ బయటపడుతోందనీ 1927లో ప్రకటించారు. కండరంలో అకర్బన ఫాస్ఫేట్‌గా లెక్కకు వస్తున్నదానిలో పెద్దభాగం అసలు అకర్బన ఫాస్ఫేటే కాదని దాని అర్థం. అదే కాలంలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ పామర్ ఎగిల్టన్ దంపతులు స్వతంత్రంగా ఇదే పదార్థాన్ని కనిపెట్టి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. కండరం పని చేస్తే అది తగ్గుతుందనీ, విశ్రాంతిలో తిరిగి చేరుకుంటుందనీ కూడా చూపించారు.

సుబ్బారావు గురించి తెలుగులో రాసేటప్పుడు మనం ఎక్కువగా ఆయనకు నోబెల్ రాలేదన్న బాధ దగ్గరే ఆగిపోతాం. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆయన చేసిన పనిలోని అసలు సొగసు, ఆలస్యంగా చిక్కబడిన ఆ నీలాన్ని చూసి ఆగి ఆలోచించడంలో ఉంది. దాన్ని చెప్పకుండా ఆయన పేరుతో ముడిపడిన మందుల జాబితా ఒక్కటే చెప్పడం ఆయనకు మనం చేస్తున్న అన్యాయమని నాకనిపిస్తుంది.

1927 నాటికి కొత్త పదార్థం దొరికింది. కండరం ముడుచుకున్నప్పుడు అది విడిపోతుందనీ తెలిసింది. లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం అప్పుడే కూలిపోవాలి కదా? కూలలేదు. కొత్తగా వచ్చినదానికి పాత ఇంట్లోనే ఒక గది చూపించారు. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోవడం వల్ల కండరంలో పుట్టే లాక్టిక్ ఆమ్లం కొంతమేరకు తటస్థమవుతుందని, అంటే ఆమ్ల తాకిడి నుంచి కండరాన్ని కాపాడడం దాని పని కావచ్చునని, సాక్షాత్తూ ఫిస్క్, సుబ్బారావులే సూచించారు. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను. ఆ పదార్థాన్ని కనిపెట్టినవారికి పాత సిద్ధాంతం మీద మమకారం ఉండాల్సిన అవసరం లేదు, వారు దాన్ని నిర్మించినవారూ కాదు. అయినా తమ చేతిలోని కొత్త వస్తువుకు అర్థం చెప్పుకోవడానికి వారికి అందుబాటులో ఉన్న ఆధారం లాక్టిక్ ఆమ్లం ఒక్కటే. వరుస తిరగబడి, ఫాస్ఫోక్రియాటిన్ ముందు దొరికి లాక్టిక్ ఆమ్లం తర్వాత దొరికి ఉంటే, కండరం శక్తిని ఫాస్ఫేట్ల రూపంలో దాచుకుంటుందనీ, ఆక్సిజన్ చాలనప్పుడు వాటిని నింపుకునే దారిలో లాక్టిక్ ఆమ్లం పుడుతుందనీ మొదటి నుంచే అనుకునేవాళ్లమని ఊహించడం కష్టం కాదు.

ఆ సిద్ధాంతాన్ని కూల్చిన పరిశీలన వేరే దారిలో వచ్చింది. కోపెన్‌హాగెన్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ మరో ప్రశ్న మీద పనిచేస్తూ జంతువులకు అయోడోఅసిటిక్ ఆమ్లం ఎక్కించారు. అవి కండరాలు బిగుసుకుని చనిపోయాయి. పాత సిద్ధాంతం ప్రకారం బిగుసుకున్న కండరం ఆమ్లంగా ఉండాలి, కానీ లేదు. ఆ విషం గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారే దారిని మూసేసిందని ఆయన గ్రహించి, అలాంటి కండరాన్ని ప్రేరేపించి చూశారు. అది ముడుచుకుంది. లాక్టిక్ ఆమ్లం ఏమాత్రం పుట్టకుండానే పదే పదే ముడుచుకుంది. ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ అయిపోయాక బిగుసుకుని ఆగిపోయింది. 1930లో ఇది ప్రచురితమైంది. కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని 1932లో వ్యాసం రాసినవారు మరెవరో కాదు, హిల్. తన పేరుతో ముడిపడిన సిద్ధాంతం పడిపోయిందని అంత నిండుగా ఒప్పుకున్న ఆ మనిషి మీద నాకు ఎనలేని గౌరవం.

వరుస ప్రభావం అక్కడితో ఆగిపోలేదు. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, బోస్టన్‌లో ఫిస్క్, సుబ్బారావు వేర్వేరుగా కనిపెట్టారు. అంటే ఫాస్ఫోక్రియాటిన్ తర్వాత. దానికి దక్కింది వెనక వరుస. లుండ్స్‌గార్డ్ ప్రయోగం తర్వాత ప్రధాన స్థానం ఫాస్ఫోక్రియాటిన్‌కు వెళ్లింది, కండరానికి నేరుగా శక్తినిచ్చేది అదేనని భావించారు. ఫాస్ఫోక్రియాటిన్ తనంతట తాను విడిపోదనీ, ఏటీపీ ఖర్చయి ఏడీపీ మిగిలాకే దాన్ని తిరిగి ఏటీపీగా మార్చేందుకు విడిపోతుందనీ లోమన్ 1934లో చూపించిన తర్వాత వరుస మళ్లీ మారింది. 1939లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరపు ప్రోటీన్ అయిన మయోసినే ఏటీపీని విడగొడుతుందని చూపించారు. అయినా బతికి ఉన్న కండరం ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఏటీపీ తగ్గినట్లు ఎవరూ కొలిచి చూపలేకపోయారు. ఖర్చయిన మరుక్షణమే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని నింపేసేది. 1950లో హిల్ ఈ లోటును ఎత్తిచూపుతూ జీవరసాయన శాస్త్రజ్ఞులకు సవాలు విసిరారు. 1962లో కెయిన్, డేవీస్ ఆ నింపే ఎంజైమును ఒక రసాయనంతో ఆపి, కప్ప కండరం ముడుచుకున్నప్పుడు ఏటీపీ తగ్గడాన్ని కొలిచేదాకా ఆ సవాలు అలాగే నిలిచింది. పనికి అత్యంత దగ్గరగా ఉన్న పదార్థం అన్నిటికంటే చివర రుజువైంది. ఇందులో ఒక క్రమం ఉంది. జీవకణంలో ఏది ఎంత వేగంగా ఖర్చయి ఎంత వేగంగా నిండుతుందో అది అంత ఆలస్యంగా మన కంటపడుతుంది. పనికి దూరంగా మిగిలిపోయే పదార్థం పేరుకుంటుంది కాబట్టి ముందు దొరుకుతుంది. ఈ అసమానతను మనం లెక్కలోకి తీసుకోకపోతే, మిగిలిపోయినదాన్నే మూలమనుకునే పొరపాటు ప్రతిసారీ ఒకే దిక్కుకు జరుగుతుంది.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఏ వరుసలో దొరికినా చివరికి నిజమే గెలిచింది కదా, 1930లో కాకపోతే 1962లో, ఇందులో అంత బాధపడవలసినది ఏముందని. ఈ మాటలో కొంత బలం ఉందని ఒప్పుకుంటాను. ఏటీపీ చివరికి తన స్థానానికి వచ్చింది. అయితే ఇది గెలిచిన కథ కాబట్టి మనకు తెలుసు. లుండ్స్‌గార్డ్ చేతికి వేరే పని మీద ఆ విషం రాకపోయి ఉంటే మరెన్నాళ్లు పట్టేదో చెప్పే సాధనం మన దగ్గర లేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. సిద్ధాంతం పోయినా, అది నాటిన ప్రశ్నలు పోవు. లాక్టిక్ ఆమ్లం సంకోచానికి కారణమన్న మాట పోయింది, అది వ్యర్థమనీ అలసటకు మూలమనీ అన్న మాట మిగిలింది. కోరీ దంపతులు 1929లోనే కండరం నుంచి వెళ్లిన లాక్టేట్ కాలేయంలో గ్లూకోజ్‌గా మారుతుందని చూపించినా, గుండె దాన్ని ఇష్టంగా ఇంధనంగా వాడుకుంటుందని తెలిసినా, 1980లలో జార్జ్ బ్రూక్స్ లాక్టేట్‌ను కణం నుంచి కణానికి చేరే ఇంధనంగా చూడాలని వాదించినప్పుడు ఆయన ఎదురీదవలసి వచ్చింది. ఒక పదార్థాన్ని విషంగా చూసి వేసే ప్రశ్నలు వేరు, ఆహారంగా చూసి వేసే ప్రశ్నలు వేరు. దశాబ్దాల పాటు మొదటి రకం ప్రశ్నలే వేశాం కాబట్టి రెండో రకం జవాబులు ఆలస్యమయ్యాయి.

కండరం ఒక్కటే ఇలా అనుకోనక్కర్లేదు. జన్యువు అంటే ఏమిటో మనం బ్యాక్టీరియా నుంచీ వాటి మీద బతికే వైరస్‌ల నుంచీ ముందుగా నేర్చుకున్నాం. అందుకే 1977లో జన్యువు ముక్కలు ముక్కలుగా ఉండవచ్చునని తేలినప్పుడు దాన్ని వింతగా, వివరణ అవసరమైన మినహాయింపుగా చూశాం. అలా ముక్కలుగా ఉండే మనిషి జన్యువులు ముందు కనబడి ఉంటే వివరణ ఇవ్వవలసిన వంతు బ్యాక్టీరియాదే అయ్యేది.

పాఠ్యపుస్తకాలు ఈ వరుసను చెరిపేస్తాయి. ఏటీపీతో మొదలుపెట్టి, ఫాస్ఫోక్రియాటిన్‌కు వచ్చి, చివర లాక్టిక్ ఆమ్లాన్ని చెబుతాయి. బోధనకు ఆ క్రమం అనుకూలమే, నేనూ అలాగే చెప్పాను. కానీ అలా చెప్పినప్పుడు అలసట గురించిన వాక్యం మాత్రం పాత సిద్ధాంతం నుంచి ఊడి వచ్చి కొత్త అధ్యాయంలో ఎలా ఇరుక్కుందో విద్యార్థికి కనబడదు. వరుస తెలిస్తే ఆ వాక్యాన్ని అనుమానించడం సులభం.

వరుసను నిజంగా తిరగేసి చూసే అవకాశం ఒకటి తర్వాత వచ్చింది. 1974లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక బృందం ఎలుక కాలి నుంచి అప్పుడే తీసిన కండరాన్ని నూరకుండా, ఆమ్లంలో వేయకుండా అయస్కాంత అనునాద పద్ధతితో అందులోని ఫాస్ఫరస్‌ను చూసింది. ఆ వర్ణపటంలో అన్నిటికంటే ఎత్తుగా కనిపించే శిఖరం ఫాస్ఫోక్రియాటిన్‌ది. పక్కన ఏటీపీకి చెందిన మూడు శిఖరాలు, మరోవైపు చిన్నగా అకర్బన ఫాస్ఫేట్. లాక్టిక్ ఆమ్లంలో ఫాస్ఫరస్ లేదు కాబట్టి అది అక్కడ కనబడనే కనబడదు. కండరం ఆమ్లంగా మారినప్పుడు ఫాస్ఫేట్ శిఖరం కొద్దిగా జరగడం ద్వారా పరోక్షంగా తెలుస్తుంది. కండరాన్ని ఈ పరికరంతోనే మొదటిసారి చూసే పరిశోధకుడికి ఏది ప్రధానంగా తోస్తుందో వేరే చెప్పక్కర్లేదు. సరిగ్గా అలాగే జరిగింది కూడా. అలసిన కండరంలో పెరిగే అకర్బన ఫాస్ఫేట్ మయోసిన్ పట్టును సడలిస్తుందనీ, కణంలోపల కాల్షియం విడుదలను అడ్డుకుంటుందనీ ప్రయోగాలు చూపించాయి. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఆమ్లత్వం చేసే హాని అనుకున్నంత లేదని తేలాక, 2000 ప్రాంతానికి అలసటకు ముఖ్య కారణం లాక్టిక్ ఆమ్లం కాదు, అకర్బన ఫాస్ఫేట్ అన్న అభిప్రాయం బలపడింది. సాక్ష్యాలు చూసిన నేను ఆ అభిప్రాయం వైపే మొగ్గుతాను. అయితే లాక్టిక్ ఆమ్లాన్ని అడిగిన ప్రశ్ననే దీన్నీ అడగాలని నా పట్టుదల. ఫాస్ఫేట్ ముందు వరుసలోకి వచ్చింది అది పని చేస్తున్నందువల్లనా, లేక మన చేతిలో ఉన్న పరికరానికి అది కనబడుతున్నందువల్లనా? ఈ రెండింటినీ విడదీయాలంటే, ఫాస్ఫేట్ పెరగకుండా చేసినా కండరం అలసిపోతుందో లేదో చూడాలి. క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము లేకుండా పెంచిన ఎలుకల్లో అలాంటి ప్రయోగమే చేశారు. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోదు కాబట్టి ఫాస్ఫేట్ అంతగా పేరుకోని ఆ ఎలుకల వేగకండరాలు తీవ్రమైన ప్రేరణకు మామూలు కండరాలకంటే నెమ్మదిగా అలసిపోయాయి. లుండ్స్‌గార్డ్ విషం లాక్టిక్ ఆమ్లానికి పెట్టిన పరీక్ష లాంటిదే ఇది, కాకపోతే ఈసారి అభ్యర్థి చాలామటుకు నెగ్గాడు. చాలామటుకు అని ఎందుకంటున్నానంటే, ఆ ఎలుకలు ఎంజైము లేకుండానే పుట్టి పెరిగినవి. ఆ లోటును పూడ్చుకునేందుకు వాటి కండరాలు తమ నిర్మాణాన్నే కొంత మార్చుకున్నాయి. ఆ మార్పులో ఏ వంతు అలసటను ఆపిందో విడిగా తేల్చే పని ఇంకా మిగిలే ఉంది.